మేత చెట్ల ఎంపిక

మేత చెట్లు అనగా ఆకులను, కాయలను పశువులకు మేతగా ఇచ్చే చెట్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెట్ట ప్రాంతాలలో పంటలు పండిస్తూ పశువులను, గొర్రెలను, మేకలను పోషించే రైతులు వీటిని పొలం గట్ల మీద, కంచెల వెంబడి, బీడు నేలల్లో పెంచుతారు. ఒకసారి నాటిన చెట్టు ఏళ్ళ తరబడి నిలుస్తుంది కనుక పంటను మార్చినంత సులభంగా దానిని మార్చలేము. పంటకు మేలు చేసే చెట్లన్నీ పశువులకు పనికిరావు. పశువులు ఇష్టపడే చెట్లన్నీ పంటకు మేలు చేయవు. ఎంపికలో అసలు చిక్కు ఇదే.

అవసరం

మెట్ట ప్రాంతాలలో జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, వరిగడ్డి ముఖ్యమైన పశుగ్రాసాలు. వానలు లేని సంవత్సరం పంటతోపాటు ఈ మేత కూడా పోతుంది. వేసవి నాటికి మేత నిల్వ అయిపోతే రైతు పశువులను తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది. లోతుగా వేళ్ళూనే చెట్లు పైనేల ఎండిన తరువాత కూడా ఆకు వేయగలవు. అందుచేత చెట్టు ఎంత మేత ఇస్తుందన్న దానితోపాటు, ఏ నెలలలో ఇస్తుందన్నది కూడా చూడాలి.

చూడవలసిన అంశాలు

* వేరు: వేళ్ళు లోతుకు పోయే చెట్టు పంటతో తక్కువగా పోటీపడుతుంది. పైపైన పాకే వేళ్ళు పంటకు అందవలసిన నీటిని లాగుకొంటాయి.
* నీడ: దట్టమైన గొడుగు వంటి చెట్టు కింద పంట దిగుబడి తగ్గుతుంది. అటువంటి చెట్లను పొలం మధ్యలో గాక బీడులోను, కొట్టం దగ్గర, కల్లం దగ్గర పెంచడం మేలు.
* నత్రజని: చిక్కుడు కుటుంబానికి చెందిన పెక్కు చెట్ల వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. చింత కూడా ఈ కుటుంబానిదే అయినా దానికి ఈ గుణం లేదు.
* చిగురించే శక్తి: మేతకై కొమ్మలు కొట్టినప్పుడు చెట్టు మళ్ళీ చిగురించాలి.
* విష పదార్థాలు: కొన్ని ఆకులు పరిమితంగా పెడితేనే మేలు చేస్తాయి.

ముఖ్యమైన చెట్లు

జమ్మి: వేళ్ళు చాలా లోతుకు పోతాయి. నీడ పలుచగా ఉంటుంది. రాజస్థాన్ రైతులు సజ్జ చేలలో ఈ చెట్లను ఉంచి, కొమ్మలు కొట్టి, ఆకును ఎండబెట్టి నిల్వ చేస్తారు. ఈ మేతను అక్కడ లూంగ్ అంటారు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. పెరుగుదల నిదానం కనుక త్వరగా ఫలితం కోరేవారికి సరిపడదు.

నల్లతుమ్మ: గట్ల మీద, చెరువు శిఖాల్లో బాగా పెరుగుతుంది. వేసవిలో రాలే కాయలను మేకలు, గొర్రెలు ఇష్టంగా తింటాయి. కలప బండి చక్రాలకు, నాగళ్ళకు వాడేవారు. దీని నీడలో పంట దెబ్బతింటుంది.

అవిసె: త్వరగా పెరుగుతుంది. తమలపాకు తోటలలో తీగకు ఆధారంగా నాటుతారు. ఆకు మంచి మేత. మొదలంటా పదేపదే నరికితే చనిపోతుంది. పక్క కొమ్మలనే కోసుకోవాలి.

సుబాబుల్: మధ్య అమెరికా, మెక్సికో ప్రాంతాల నుండి వచ్చినది. మాంసకృత్తులు ఎక్కువ. అయితే ఆకులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంది. నెమరువేసే పశువులకు మొత్తం మేతలో మూడవ వంతుకు మించకుండా, ఇతర మేతతో కలిపి పెట్టాలి. గుర్రాలకు, పందులకు, కుందేళ్ళకు ఇది హాని చేస్తుంది, జుట్టు రాలిపోతుంది. హవాయి దీవుల మేకలకు ఈ విషం సోకకపోవడానికి కారణం వాటి పొట్టలోని సూక్ష్మజీవులని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ 1980 దశకంలో గుర్తించాడు.

గ్లైరిసీడియా, గానుగ: ఈ రెండూ ముఖ్యంగా పచ్చిరొట్ట ఎరువుకు పనికివచ్చే చెట్లు. గానుగ ఆకును పశువులు సాధారణంగా ముట్టవు కనుక కంచె లేని గట్టు మీద కూడా బతుకుతుంది. గ్లైరిసీడియా ఆకు వాసనకు పశువులు అలవాటు పడాలి; వాడబెట్టి కొద్దికొద్దిగా పెడతారు.

తప్పు ఎంపికకు ఉదాహరణ

అమెరికా ఖండాలకు చెందిన సర్కారు తుమ్మను 1870 దశకంలో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారు. పశువులు దీని ఆకు తినవు. తీయని కాయలు మాత్రం తింటాయి. జీర్ణం కాని గింజలు పేడతో బయటపడి, పశువు తిరిగిన చోటల్లా మొలకెత్తాయి. ఆ విధంగా పచ్చిక బీళ్ళు, చెరువు గర్భాలు ముళ్ళ పొదలయ్యాయి. కావున కొత్త చెట్టును నాటేముందు దాని గింజ ఎలా వ్యాపిస్తుందో కూడా తెలుసుకోవాలి.

నాటడం, సంరక్షణ

వానాకాలం మొదట్లో నాటి, మొదటి రెండు మూడేళ్ళు ముళ్ళకంచెతో కాపాడాలి. లేత మొక్క తల మేక నోటికి చిక్కితే ఎదుగుదల ఆగిపోతుంది. చెట్ల వరుసలను తూర్పు పడమరలుగా నాటితే పంట మీద నీడ తగ్గుతుంది. గట్టుకు, పంటకు మధ్య చిన్న కందకం తీస్తే పైవేళ్ళు చేనిలోకి రావు. ఒకే జాతి గాక, వేర్వేరు కాలాలలో మేతనిచ్చే రెండు మూడు జాతులను కలిపి పెంచడం శ్రేయస్కరం.

పరిశోధన, చట్టాలు

హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (1985), ఝాన్సీలోని వ్యవసాయ అటవీ పరిశోధనా సంస్థ (1988) ఈ విషయంపై పరిశోధనలు చేస్తున్నాయి. భారత ప్రభుత్వం 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానాన్ని ప్రకటించింది. చెట్లు నరకడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) నిబంధనలు వర్తిస్తాయి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. కలప కోసం కూడా పెంచదలచిన రైతు నాటడానికి ముందే ఈ నిబంధనలు తెలుసుకొనడం మంచిది.