వెర్రినారు

మొన్న మా మనవరాలు గింజల్లేని ద్రాక్ష తింటూ, "అమ్మమ్మా, గింజే లేకపోతే ఇది ఇంత లావు ఎలా అయిందీ?" అంది. నవ్వేసి ఊరుకుందామనుకున్నాను గానీ, అది ఊరుకునే పిల్లయితేగా! అనాబెషాహి పళ్ళు తిని గింజలు ఉమ్మిన కాలం దాన్ని నేను. జవాబు వెతుక్కుంటూ బయల్దేరితే జపాను వరిమళ్ళలో తేలాను.

అక్కడి నారుమళ్ళలో వెనకటి నుంచీ ఓ బెడద. కొన్ని మొక్కలు తోటివాటిని మించి, పాలిపోయి, పుల్లల్లా పొడుగెదిగేవి. చాలామటుకు చచ్చేవి, బతికినవేమో సరిగ్గా గింజ పట్టేవి కావు. రైతులు వాటిని "బకానే" అన్నారు. వెర్రినారు అని అర్థం. ఏడాది తిండిగింజలు పోగొట్టుకున్నవాళ్ళు నవ్వుతూ పెట్టిన పేరై ఉండదులెండి.

అది బూజు తెచ్చే తెగులని 1898లో షోతారో హోరి తేల్చాడు. అసలు గమ్మత్తు 1926లో జరిగింది. అప్పట్లో జపాను ఏలుబడిలో ఉన్న తైవానులో ఎయిచి కురోసావా ఆ బూజు పెరిగిన నీళ్ళను వడకట్టి, బూజన్నది లేకుండా చేసి, మంచి నారుకు పెట్టాడు. అవీ వెర్రిగా ఎదిగాయి! అంటే తెగులు పెట్టింది బూజే అయినా, పెంచింది అది వదిలిన రసమన్నమాట. తెయిజిరో యబుత 1935లో దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టి, 1938లో సుమికితో కలిసి పలుకులుగా తీశాడు. పడమటి దేశాలు పట్టించుకున్నది మాత్రం యుద్ధం ముగిశాకే. తీరా 1958లో ఇంగ్లండులో లేత చిక్కుడుజాతి గింజల్లోనూ అదే సరుకు బయటపడింది. పరాయి విషం కాదు, మొక్క సొంత హార్మోనే! బూజు దాన్ని అతిగా పోసింది, అంతే.

కాయను పెంచే హార్మోను మామూలుగా గింజలోంచి రావాలి. గింజలేని ద్రాక్షకు ఆ లోటు తీర్చడానికే తోటల్లో ఈ మందు చల్లుతారు.

మరి మందు చవగ్గా దొరకాలిగా? తొట్లలో ద్రవంలో బూజు పెంచితే నీళ్ళెక్కువ, సరుకు తక్కువ. ఆ నీళ్ళలోంచి చిటికెడు పొడి తీయడానికే బోలెడు ఖర్చు. 1980లలో మైసూరు ఆహార పరిశోధనాలయంలో కుమార్, లోన్సానే అనే ఇద్దరు గోధుమపొట్టు మీద పడ్డారు. పద్ధతి మన వంటింటిదే అనిపిస్తుంది. పొట్టును తడపాలి, గుప్పిట పడితే ముద్దకావాలి గానీ నీరు కారకూడదు. ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, బూజు తోడేసి, వారం రోజులు ఉంచి, ఆ పొట్టులోంచి హార్మోను దింపుకోవడం.

"అయితే దీనికి బూజు పూశారా?" అని మా పిల్ల ద్రాక్షగుత్తి పక్కకు నెట్టేసింది. బూజు కాదే, వడకట్టి శుభ్రం చేసిన మందే అని నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోక్కొచ్చింది.

నేనా, సరిగ్గా ఆ రోజుల్లోనే జల్లెడలో మిగిలిన గోధుమపొట్టంతా మూటగట్టి పాలమనిషికిచ్చేదాన్ని, గేదెకు పెట్టి ఓ గరిటెడు పాలు కొసరు పోస్తుందేమోనని.