సంతాన చికిత్స ఫలించుటకు కారణములు

దశరథుడు పుత్రకామేష్టి చేసిన కథ మన యిండ్లలో పిల్లలకు గూడ తెలిసినదే. పూర్వము సంతానము లేనివారికి నోములు, మ్రొక్కులు, నాగప్రతిష్ఠ, తుదకు దత్తత, ఇవియే మార్గములు. నింద మాత్రము భార్య నెత్తిననే పడెడిది. ఇట్టి జంటలలో సుమారు సగముమందియందు పురుషుని వైపున గూడ కారణముండునని నేడు వైద్యులు చెప్పుచున్నారు. అయినను భర్తకు పరీక్ష చిట్టచివర జరుగుచున్నది. మా బంధువర్గమున నొక యిల్లాలికి పదునొకం డేండ్లు మందులిప్పించిరి. భర్తను పరీక్షింపించునాటికి ఆమెకు 38 ఏండ్లు నిండెను.

ఆ యేండ్లే ముఖ్యము. స్త్రీ తన అండములన్నిటితోను జన్మించును. వయసుతో వాని సంఖ్యయు, గుణమును తగ్గును. 35 దాటిన పిమ్మట ఈ తగ్గుదల వేగమగును. బ్రిటను లెక్కలనుబట్టి స్వంత అండముతో చేసిన చికిత్సలో, గర్భమున నుంచిన ప్రతి పిండమునకు బిడ్డ పుట్టు అవకాశము 35 లోపు వారికి మూడింట నొకవంతు. 43, 44 ఏండ్ల వారికి నూటికి అయిదు.

ఈ విద్య యొక్కనాట రాలేదు. ఇంగ్లండులోని ఓల్డుహాములో ఎడ్వర్డ్సు, స్టెప్టో, జీన్ పర్డీ అనువారు 1969 మొదలు 1978 వరకు 282 మంది స్త్రీలకు చికిత్స చేసిరి. గర్భము నిలిచినవారు 5గురు. బ్రతికి పుట్టిన బిడ్డలు ఇద్దరు. జన్మమంతయు జమాఖర్చులు వ్రాసిన నావంటి గుమాస్తా అయినచో ఆ ఖాతా యెన్నడో మూసియుండును! అండములు పెక్కు పండుటకై యిచ్చిన మందులు గర్భాశయమును పిండమునకు ప్రతికూలము చేయుచున్నవని తలచి, వారు మందులు మాని, సహజముగా పండిన యొక్క అండమునే గ్రహించిరి. అండవాహికలు మూసుకొనిపోయిన లెస్లీ బ్రౌను అను నామెకు 1978 జూలై 25న కూతురు పుట్టెను.

అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ వేరొక త్రోవను అదే ఫలము సాధించెను. ఆయన మందులు మానలేదు. పిండమును అతిశీతలమున 53 దినములు నిలువచేసి, గర్భాశయము అనుకూలించిన మరొక నెలలో ప్రవేశపెట్టెను. నేడు లోకమంతట వాడుకలోనున్నది ఈ పద్ధతియే. నాటి విచారణ సంఘము నమ్మలేదు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసికొనెను. మిల్లు పనులకై వచ్చి స్థిరపడిన మన తెలుగువారికి చిరపరిచితమైన ముంబయి పరేలులో, కె.ఇ.ఎం. ఆసుపత్రియందు, 1986 ఆగస్టు 6న డాక్టరు ఇందిరా హిందూజా చేతులమీదుగా మరొక బిడ్డ జన్మించెను. ఆ కార్యమున పాల్గొన్న శాస్త్రజ్ఞుడు ఆనందకుమారే ముఖర్జీ వ్రాతలు చదివి, తమకంటె ఆయనయే ముందని 1997లో ప్రకటించెను. ఇట్టి పెద్దమనస్సు అరుదు.

పురుషుని దోషమునకు దారి 1992లో బ్రస్సెల్సు వైద్యులు చూపిరి: ఒక్క వీర్యకణమును సూదితో అండములోనికి ఎక్కించుట. పొగత్రాగుట, స్థూలకాయము, నీరు నిండిన అండవాహికలు ఫలమును తగ్గించును.

వయసు దాటినవారికి పరుల అండముతో గర్భము నిలుచుచున్నది. లోపము గర్భాశయముకంటె అండమునందే హెచ్చని దీనివలన తేలినది. 2021 నాటి మన దేశపు చట్టము అండమిచ్చు స్త్రీకి 23 మొదలు 35 వరకే వయోపరిమితి విధించినది.