తోడు కోల్పోయిన కుక్క సంరక్షణ

ఒకే ఇంటిలో కలిసి బ్రతికిన కుక్కలలో ఒకటి మరణించినప్పుడు మిగిలిన కుక్క ప్రవర్తనలో కొంతకాలం మార్పులు కనిపిస్తాయి. తిండి తగ్గించడం, మూల చేరి పడుకోవడం, ఇంటివారిని విడవకుండా తిరగడం వీటిలో ముఖ్యమైనవి. తెలుగునాట దీనిని బెంగ పెట్టుకోవడం అంటారు. ఇది రోగం కాదు, కాని రోగలక్షణాలను పోలి ఉంటుంది. బెంగ అనుకొని ఊరకున్న కుక్క నిజానికి మొదటి కుక్కను చంపిన జబ్బుతోనో, విషంతోనో బాధపడుతూ ఉండవచ్చు. అందువలన తోడు కోల్పోయిన కుక్క విషయంలో ఓదార్పు కంటే ముందు పరీక్ష అవసరం.

లక్షణాలు

తోటి కుక్క పడుకొనే చోటును వాసన చూడడం, అక్కడే పడుకోవడం, వాకిలి వద్ద ఎదురుచూడడం తొలి రోజులలో ఎక్కువగా ఉంటాయి. కొన్ని కుక్కలు మూలుగుతాయి, మరికొన్ని పూర్తిగా మౌనం వహిస్తాయి. ఆటలపై ఆసక్తి తగ్గుతుంది. అంతవరకు ఎన్నడూ ఒంటరిగా ఉండని కుక్క ఇంటివారు బయటకు వెళ్ళగానే తలుపులు గీకడం, అరవడం మొదలుపెట్టవచ్చు. దీనికి భిన్నంగా, చనిపోయిన కుక్క పెత్తనం క్రింద అణగి ఉన్న కుక్క మునుపటికంటే చురుకుగా మారడం కూడా ఉన్నది. దానిని చూసి విశ్వాసం లేని కుక్క అనుకోవడం సరికాదు.

పరిశోధనలు

ఈ విషయంపై చెప్పుకోదగిన పరిశోధన ఇటలీలో జరిగింది. 2022లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురితమైన ఈ అధ్యయనంలో, రెండు లేక అంతకంటే ఎక్కువ కుక్కలను పెంచుతూ వాటిలో ఒకదానిని పోగొట్టుకొన్న 426 మంది యజమానులను ప్రశ్నించారు. వారిలో 86 శాతం మంది మిగిలిన కుక్కలో మార్పు చూశామని తెలిపారు. 67 శాతం కుక్కలు యజమాని దృష్టి కోసం ఎక్కువగా ప్రాకులాడాయి, 57 శాతం ఆట తగ్గించాయి, 32 శాతం తిండి తగ్గించాయి. సుమారు నాలుగవ వంతు కుక్కలలో ఈ మార్పులు ఆరు నెలలు దాటినా కొనసాగాయి.

రెండు కుక్కలు ఎన్నేళ్ళు కలిసి ఉన్నాయనే దానికంటే, అవి ఎంత స్నేహంగా ఉన్నాయి, తల్లీబిడ్డలా కావా అన్నవే బెంగపై ప్రభావం చూపాయి. యజమాని దుఃఖం ఎక్కువగా ఉన్న ఇళ్ళలో కుక్క మార్పులు కూడా ఎక్కువగా నమోదయ్యాయి. ఇవన్నీ యజమానులు చెప్పిన సమాధానాలు గనుక తమ దుఃఖాన్నే వారు కుక్కలో చూసి ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. కుక్కకు మరణం అనే భావన తెలుసునని ఈ పరిశోధన నిరూపించలేదు. యజమాని కోసం ఏళ్ళ తరబడి రైలు స్టేషను వద్ద ఎదురుచూసిన జపాను కుక్క హచికో (1923-1935) కథను ఈ సందర్భంలో తరచుగా చెబుతుంటారు గాని, అది మనిషిని కోల్పోయిన కుక్క కథ.

బెంగా, జబ్బా?

కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో, రామాపురం వంటి పల్లెలలో కుక్కలను ఎక్కువగా కట్టివేయరు. అవి పొలం గట్ల వెంట, కాలువల వెంట కలిసి తిరుగుతాయి, కలిసి తింటాయి. ఒకదానికి వచ్చిన ఆపద రెండవదానికీ వచ్చి ఉండవచ్చునని ముందుగా అనుమానించవలసినది ఇందుకే.

వరి పొలాలలో ఎలుకల నివారణకు నూకలలో నూనె, మందు కలిపి కన్నాలలో పెడతారు. ఆ ఎరను గాని, ఎర తిని చచ్చిన ఎలుకను గాని కుక్కలు తింటాయి. జింకు ఫాస్ఫైడు కొన్ని గంటలలోనే పనిచేస్తుంది, దానికి విరుగుడు లేదు. బ్రోమడియోలోన్ తీరు వేరు. ఇది రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకొంటుంది, కాని దాని ప్రభావం మూడు నుండి అయిదు రోజుల వరకు బయటపడకపోవచ్చు. మొదటి కుక్కను పూడ్చిన రెండు రోజుల తరువాత రెండవది నీరసంగా పడుకొని తిండి మానితే చూసేవారికి అది బెంగగానే తోస్తుంది. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుండి గాని మలంలో గాని రక్తం పడడం, ఆయాసపడడం ఈ విషానికి గుర్తులు. సకాలంలో గుర్తిస్తే విటమిన్ కె1 తో చికిత్స చేసి బ్రతికించవచ్చు.

కూనలను ఎక్కువగా చంపే పార్వో వైరస్ వాంతులు, రక్త విరేచనాలు కలిగిస్తుంది. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా జ్వరం ఒకే ఇంటి కుక్కలన్నింటికీ సోకడం సాధారణం. మొదటి కుక్క పాముకాటుతో పోయి ఉంటే రెండవదాని ముఖం, కాళ్ళు కూడా వాపుల కోసం చూడాలి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది రేబీస్. చనిపోయిన కుక్క చొంగ కారుస్తూ, గొంతు మారి, కారణం లేకుండా కరుస్తూ మరణించి ఉంటే, మిగిలిన కుక్క దిగులుగా దాగి ఉండడాన్ని చూసి దగ్గరకు తీసుకొని బుజ్జగించరాదు. రేబీస్ లక్షణాలు బయటపడడానికి వారాలు, నెలలు కూడా పట్టవచ్చు. అటువంటి కుక్కను విడిగా ఉంచి పశువైద్యునికి తెలియజేయాలి. కాటు తగిలినవారు, చొంగ గాయంపై పడినవారు ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా తీసుకోవాలి.

ఏ కారణంతోనైనా పెద్ద కుక్క రెండు రోజులు, కూన ఒక రోజు తినకపోతే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. నీరు కూడా ముట్టకపోతే అంతవరకు ఆగకూడదు. సంచార పశువైద్య వాహనాన్ని 1962 నంబరుకు ఫోను చేసి పిలవవచ్చు. నీరసానికని, జ్వరానికని మనుషుల నొప్పి మాత్రలు వేయడం పల్లెలలోనూ పట్టణాలలోనూ ఉన్న అలవాటే. ఇబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు కలిగించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ కూడా మోతాదు మించితే విషమే.

ఇంటిలో జాగ్రత్తలు

జబ్బు లేదని తేలిన తరువాత చేయవలసినది సులభమే. తిండి, షికారు, నిద్ర వేళలను మార్చకూడదు. కుక్క తన రోజును వీటితోనే కొలుచుకొంటుంది. పెరుగన్నం ముట్టని కుక్కకు గోరువెచ్చని అన్నంలో ఉడికించిన కోడిగుడ్డు గాని, ఎముకలు తీసిన కోడిమాంసం గాని కలిపితే వాసనకు తినవచ్చు. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర కలపరాదు. తిననిదాన్ని కొంతసేపటికి తీసివేసి మరల వేళకు పెట్టాలి. బ్రతిమాలుతూ పూటకొక రుచి మార్చితే, బెంగ తీరినా ఆ అలవాటు మిగులుతుంది.

చనిపోయిన కుక్క గోనెను, గిన్నెను వెంటనే పారవేయనవసరం లేదు. అంటురోగంతో మరణించినప్పుడు మాత్రం వాటిని తగులబెట్టడం మంచిది. కళేబరాన్ని చూపించాలా వద్దా అని పలువురు సందేహిస్తారు. ఇటలీ అధ్యయనంలో చూపించినందువలన ప్రత్యేకమైన తేడా కనబడలేదు. డెల్టాలో భూగర్భజలం పైననే ఉంటుంది గనుక బావికి, కాలువకు దూరంగా, మెరక చోట లోతుగా పూడ్చాలి. లేకుంటే మిగిలిన కుక్కే త్రవ్వి తీయవచ్చు.

ఒంటరిగా ఉండలేని కుక్కను మొదట కొద్ది నిమిషాలు విడిచి, క్రమంగా ఆ సమయాన్ని పెంచుతూ అలవాటు చేయాలి. నెలలు గడిచినా తీరని భయానికి పశువైద్యుడు మందులు వ్రాస్తాడు.

మరొక కుక్కను తేవడం

బెంగ తీరడానికి వెంటనే కొత్త కూనను తేవడం ఎక్కువమంది చేసే పని, తొందరపాటు కూడా. తోడు పోయి కలతలో ఉన్న కుక్క కొత్తదానిని చోటు కోసం, తిండి కోసం కరవవచ్చు. ముసలి కుక్కకు చలాకీ కూన విసుగు కలిగిస్తుంది. మిగిలిన కుక్క మామూలుగా తినడం, ఆడడం మొదలుపెట్టిన తరువాత, రెండింటినీ ఇంటి బయట కలిపి చూసి నిర్ణయించడం మేలు. పార్వోతో కుక్క పోయిన ఇంటిలో ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరం పైగా నిలిచి ఉంటుంది. అక్కడకు టీకాలు పూర్తికాని కూనను తేకూడదు.

వీధి కుక్కలు

పై పరిశోధన పెంపుడు కుక్కలకు సంబంధించినది. వీధి కుక్కలు కూడా జతలుగా, గుంపులుగా ఉంటాయి. చీరాల, బాపట్ల, రేపల్లెల మీదుగా పోయే 216వ జాతీయ రహదారి వంటి రోడ్లపై వాహనం క్రింద పడి చనిపోయిన కుక్క ప్రక్కన మరొకటి నిలబడి ఉండడం చూడవచ్చు. అది రోడ్డు మీదనే ఉండి తానూ ప్రమాదానికి గురవుతుంది. కళేబరాన్ని రోడ్డు ప్రక్కకు తీయించడమే అప్పుడు దానికి చేయగల సహాయం. తీసేవారు కుక్కను తరమకుండా, దానికి కొంత దూరంలో తిండి పెట్టి, అది ప్రక్కకు జరిగిన తరువాత తీయాలి.