దూరపు గురి: గడియ తుపాకి చరిత్ర

రామాయణమున దశరథుడు శబ్దవేధి. కంటికి కానరాని మృగమును చెవి సోకిన ధ్వనినిబట్టి కొట్టగల నేర్పు ఆయనకు కలదు. సరయూతీరమున చీకటిలో కడవ మునుగుచున్న చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. బాణము గురి తప్పలేదు. తప్పినది విలుకాని తెలివి. ముసలి తల్లిదండ్రులకు నీరు ముంచుచున్న మునికుమారుడు నేలకొరిగెను. పుత్రశోకముతోనే మరణింతువను శాపము రాజును వెన్నంటెను. భారతమున ద్రోణుని పరీక్షలో అర్జునుడు పక్షి తల తప్ప తనకు మరేమియు కానరాదని చెప్పి, ఆ పిదపనే బాణము విడిచెను. వేటకాని ఆయుధముల చరిత్ర యంతయు ఈ రెండు కథల నడుమ ఇమిడియున్నది. ఎంత దూరము కొట్టగలమన్నది ఒక ప్రశ్న. కొట్టుచున్నదేమో, ఎక్కడ తగులునో ఎరిగి కొట్టుచున్నామా యన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు పనివారును గణితజ్ఞులును చెప్పిన సమాధానమే గడియ తుపాకి. రెండవదానికి సమాధానము దానిని పట్టినవాడే చెప్పుకొనవలెను.

పూర్వపు తుపాకి గొట్టము లోపల నున్నగా ఉండెడిది. సీసపు గుండు గొట్టముకన్న కొంచెము చిన్నదై, లోపల అటునిటు తాకుచు బయటికి వచ్చెడిది. చివర ఏ ప్రక్క తాకునో ఆ తాకిడినిబట్టి గిరగిర తిరుగుచు తన త్రోవ తాను పోయెడిది. నూరు గజములు దాటిన పిమ్మట అది దేనికి తగులునో కాల్చినవానికే తెలియదు. గొట్టములో మరచుట్లవలె గాడులు తీయుట జర్మనీ వేటగాండ్రకు ముందే తెలిసియున్నను, దాని శాస్త్రమును విప్పి చెప్పినవాడు ఇంగ్లండు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన తన గ్రంథమున ఆయన గుండు వేగమును కొలుచు ఉపాయమును తెలిపెను. వ్రేలాడదీసిన దిమ్మెను గుండుతో కొట్టి, దిమ్మె ఎంత ఊగెనో చూచి వేగమును లెక్కకట్టుటయే ఆ ఉపాయము. గాడుల గొట్టమునుండి వెడలిన గుండు తన యిరుసు చుట్టు తిరుగును. తిరుగుచున్నంతసేపు బొంగరము పడిపోనట్లు, ఆ గుండును త్రోవ తప్పదు. ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కొలువున ముఖ్య ఇంజనీరుగా మన తూర్పు తీరమునకే వచ్చి, 1751లో కడలూరు చేరువనున్న సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసెను.

గాడుల తుపాకికి గురి హెచ్చెను గాని, దానిని నింపుట కష్టమయ్యెను. మందును గుండును మూతినుండియే దట్టింపవలెను. గాడులలో మసి పేరుకొన్నచో గుండు దిగదు. అందుకే కాగితపు తూటాకు జిడ్డు పూయవలసివచ్చెను. 1857లో సిపాయిల ఆగ్రహమునకు నిప్పురవ్వయైన జిడ్డు తూటాలు ఎన్‌ఫీల్డు గాడుల తుపాకి కొరకు చేసినవే. ఆ కాలముననే జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రనిపుణుడు ఆరు పలకల గొట్టము గల తుపాకిని కల్పించెను. 1860 జూలైలో వింబుల్డన్ మైదానమున ఆ తుపాకిని ఇనుప పీఠముపై బిగించి, విక్టోరియా రాణిచేత మొదటి గుండు కాల్పించిరి. 400 గజముల దూరమున గుండు లక్ష్యమధ్యమునకు అంగుళమున్నరకంటె తక్కువ దూరములో తగిలెను. ఆమె మీటకు కట్టిన త్రాటిని లాగినది, అంతియే. తుపాకి దోషము వేరు, చేతి దోషము వేరు అని లోకమునకు ఆనాడు తేటపడెను.

ఇక నింపు కష్టమును తీర్చినవాడు ఒక తాళముల పనివాని కుమారుడు. ప్రష్యా దేశమున సొమ్మెర్డా పట్టణమునకు చెందిన యోహాన్ నికొలాస్ డ్రైసె తానును ఆ వృత్తియే నేర్చినవాడు. తలుపునకు గడియ వేసినట్లు గొట్టము వెనుక ద్వారమునకు గడియ వేయవచ్చునని ఆయనకు తోచెను. పిడి పైకెత్తి వెనుకకు లాగిన ద్వారము తెరచుకొనును. తూటా నుంచి ముందుకు త్రోసి పిడి దించిన మూసికొనును. ఆంగ్లమున దీనికి పేరైన బోల్టు అను మాటకు తలుపు గడియ యనియే అర్థము. 1841లో ప్రష్యా సైన్యము దీనిని స్వీకరించెను. 1866లో, నేటి చెక్ దేశములోని కోనిగ్రాట్జ్ యుద్ధమున, మూతినుండి నింపుకొను ఆస్ట్రియా సైనికులు నిలువవలసియుండగా, ప్రష్యా సైనికులు పరుండియే నింపుకొని కాల్చగలిగిరి. అయినను డ్రైసె గడియ సందునుండి నిప్పుతో కూడిన ఆవిరి వెనుకకు చిమ్మెడిది. కాల్చువాడు కన్ను దగ్గరకు చేర్చుటకు జంకెడివాడు.

ఆ జంకును పోగొట్టినవాడు ఓబెర్న్‌డోర్ఫ్ పట్టణపు పాల్ మౌజర్. ఆయన 1898 నాటి తుపాకిలో గడియ ముందుకొనకు ఇరుప్రక్కల రెండు దృఢమైన బొడిపెలుండి గొట్టపు మొదట బిగిసికొనును. అవి విఫలమైనచో కాపాడుటకు వెనుక మూడవ బొడిపె కలదు. పెద్ద కొక్కెమొకటి తూటాను మొదటినుండియే పట్టుకొని లోపలికి పంపి, కాల్చిన పిదప ఖాళీ డొప్పను తప్పక వెలికి లాగును. అంతకుముందే, 1884లో, ఫ్రాన్సున పాల్ వియే పొగలేని మందును కనుగొనియుండెను. దానివలన సన్నని గుండును మహావేగముతో పంపుట సాధ్యమయ్యెను. అమెరికా ప్రభుత్వము 1903 నాటి తన స్ప్రింగ్‌ఫీల్డు తుపాకికి మౌజర్ కల్పనలను వాడుకొనినందులకు సొమ్ము చెల్లింపవలసివచ్చెను. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ 70, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 మొదలైన వేట తుపాకులును ఆ వంశములోనివే.

దూరపు గురికి గడియ తుపాకినే ఎన్నుకొనుటకు కారణము బలము కాదు, ఏకరూపత. మొదటి గుండు పోయినట్లే పదవ గుండును పోవలెను. గడియ తూటాను ప్రతిసారి ఒకే తీరున, ఒకే బిగువున పట్టవలెను. బొడిపెలు ముందున్న గడియ ప్రేలుడునకు లొంగదు. వెనుకనున్న గడియ వెంట్రుకవాసి కుదించుకొనును. గొట్టము కొయ్యకు ఒరసికొనరాదు. వానకాలమున కొయ్య ఉబ్బి గొట్టమును త్రోసినచో నిన్నటి గురి నేడు ఉండదు. మీట తేలికగా, కుదుపు లేక విడవలెను. తూటాలు ఒకే తయారీవి కావలెను. నూరు గజములకడ అంగుళము వెడల్పున గుండ్లు చేర్చు తుపాకి మంచిది. కాని ఆ అంగుళమే మూడువందల గజములకడ మూడంగుళములు, అయిదువందలకడ అయిదంగుళములు అగును. సెకనుకు 2,700 అడుగుల వేగముతో వెడలిన గుండును 300 గజములు చేరులోపల రెండడుగుల వరకు క్రిందికి దిగును. 600 గజములకు ఆ దిగుడు రెట్టింపు కాదు. నాలుగు రెట్లకు మించును. ప్రక్కగాలి దానిని త్రోయుట వేరు. గుండు ప్రయాణము చేయు ఆ లిప్తపాటులో జింక ఒక అడుగు వేసినచో గుండెకు పెట్టిన గురి కడుపునకు తగులును. దూరదర్శిని అద్దము లక్ష్యమును దగ్గరకు తెచ్చును గాని, దూరమును తగ్గింపదు. తుపాకి ఎంచుకొనువాడు దాని హద్దుకన్న ముందు తన హద్దును కొలుచుకొనవలెను.

హద్దు మీరిన గురికి ఫలమేమో కుమావూను కొండలు చూపినవి. నేపాలమున ఇన్నూరుమందిని చంపి, తరుమబడి కుమావూనులో చొచ్చిన ఒక ఆడపులి, జిమ్ కార్బెట్టు లెక్క ప్రకారము, మొత్తము 436 ప్రాణములను తీసెను. పల్లెలవారు గడియలు వేసికొని పగలు సైతము గడప దాటరైరి. 1907లో చంపావతులో, తహశీలుదారు సాయముతో దాదాపు మూడువందలమందిని కూర్చి కొండను కలియదట్టించి, కార్బెట్టు ఆ పులిని ఎదుర్కొనెను. ఆయన చేతిలో మూడే తూటాలుండెను, మూడును అయిపోయెను. గాయపడిన పులి బండమీద నిలిచియుండగా, తహశీలుదారు చేతిలోని పాతబడి వదులైన తుపాకిని అందుకొని, ఇరువది అడుగుల నుండి దాని నోటికి గురిపెట్టెను. గుండు పంజాకు తగిలెను! అప్పటికే ముందు గాయములతో పులి ప్రాణము పోవుచుండబట్టి సరిపోయెను. పిమ్మట పరీక్షింపగా, దాని నోటి కుడిప్రక్క కోరలు రెండును విరిగియుండెను: పైది సగమునకు, క్రిందిది ఎముక దాక. అది ఎన్నడో తగిలిన తుపాకి దెబ్బ. ఆ కోరలు లేక సహజమైన వేట చిక్కకనే అది మనుష్యులకు మరలెనని కార్బెట్టు వ్రాసెను. పేరు తెలియని ఒక వేటగాడు ఒకనాడు కాల్చి, పులి పారిపోగా ఇల్లు చేరెను. అతని లెక్కలో అది తప్పిన గుండు. కుమావూను లెక్కలో అది నాలుగువందల ముప్పదియారు చావులు.

ఆ విజయమునకు గుర్తుగా సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ కార్బెట్టునకు రిగ్బీ సంస్థ చేసిన గడియ తుపాకిని బహూకరించెను. మౌజర్ గడియ, ఏడు మిల్లీమీటర్ల గుండు, తేలికైన ఒడలు. 1926లో రుద్రప్రయాగలో 125 మందిని చంపిన చిరుతను ఆయన ఆ తుపాకితోనే కూల్చెను. దూరమునకు పేరుపడిన ఆ తుపాకి అచట చెట్టుపైనుండి, చీకటిలో, కొలది గజముల దూరమునకే పనికివచ్చెను. తుపాకికి బిగించిన విద్యుద్దీపము క్షణము వెలిగి ఆరిపోయెను. ఆ క్షణము చాలెను. తెలుగున గురి యను మాటకు లక్ష్యమని ఒక అర్థము, నమ్మకమని మరియొక అర్థము. ఒకే తీరున కొట్టు ఆయుధముపై కుదిరిన గురియే ఆ రాత్రి పనిచేసినది. ఆ తుపాకిని 2016లో మరల కుమావూనునకు తెచ్చి అచటి ప్రజలకు చూపిరి.

తెలుగు సాహిత్యమునకు వేట క్రొత్త కాదు. మనుచరిత్రమున స్వరోచి వేట, కాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని వేట పాఠకులెరిగినవే. పైరు కాపాడుకొనుటకు లైసెన్సు పొందిన రైతులకు ఇషాపూరు కర్మాగారపు .315 గడియ తుపాకియు పరిచితమే, సైన్యపు.303 తూటా పౌరులకు నిషిద్ధమగుటచే అది ఆ కొలతతో పుట్టెను. కాని వినోదపు వేటకు కాలము చెల్లినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కట్టడి చేసెను; 1991 సవరణ దాదాపు పూర్తిగా మాన్పెను. నేడు మనుష్యుల ప్రాణమునకు ముప్పైన మృగమును చంపవలెనన్నను, పట్టుట, మత్తిచ్చుట సాధ్యము కాదని తేలి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకముగా అనుమతింపవలెను. 1983లో మన నల్లమల పులుల అభయారణ్యమయ్యెను. 2014లో రాష్ట్రము రెండైనపుడు కృష్ణకు ఆవలి భాగము తెలంగాణలో అమ్రాబాదు పేరున వేరైనను, పులులకు ఆ హద్దు పట్టదు. అచట అడవిశాఖవారు పులులను లెక్కించునది చెట్లకు కట్టిన కెమెరాలతో. ఒడలి చారలనుబట్టి ఒక్కొక్క పులిని వేరువేరుగా గుర్తింతురు. ఆ పటములలోని పులి కోరలు విరుగక యున్నంతకాలము అది అడవిలోని దుప్పితో, పందితో కడుపు నింపుకొనును. అడవి అంచు పల్లెలలో తలుపులు తెరచియుండును.