బ్రౌజర్ డ్రైవర్: చేతిపని నుంచి స్వయంచాలనం దాకా

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం మెట్ట ప్రాంతంలో, చెనక్కాయ పంటను నమ్ముకున్న ఇళ్లలో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు ఉద్యోగం కోసం బెంగళూరు బస్సెక్కడం మామూలే. అక్కడ వాళ్లు వెతుక్కునే తొలి ఉద్యోగాల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఒకటి. అందులో ఆటోమేషన్ నేర్చుకోవాలంటే సొంత కంప్యూటర్లో, ప్రోగ్రాం ఆదేశాలతో బ్రౌజర్‌ను నడిపే బ్రౌజర్ డ్రైవర్ ఉండాలి. దాన్ని పెట్టుకునే పద్ధతి సులువైన కొద్దీ ఇలాంటి పిల్లలకు దారి సుగమమైంది.

మొదట్లో ఈ రంగాన్ని ఏలినవి మెర్క్యురీ సంస్థ అమ్మిన విన్‌రన్నర్, క్విక్‌టెస్ట్ ప్రొఫెషనల్ వంటి టెస్టింగ్ సాధనాలు. వాటి లైసెన్సు కొనడం విద్యార్థికి అయ్యే పని కాదు. 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన సెలీనియం అనే టెస్టింగ్ సాధనం ఉచితంగా అందరి చేతికీ వచ్చింది. అప్పటికి డ్రైవర్ లేదు. సెలీనియం జావాస్క్రిప్ట్ కోడ్‌గా బ్రౌజర్ లోపలే నడిచేది కాబట్టి, ఒక సైట్ నుంచి మరో సైట్‌లోకి పోవడానికి బ్రౌజర్ భద్రతా నియమాలు అడ్డొచ్చేవి. 2007లో సైమన్ స్టీవర్ట్ తెచ్చిన వెబ్‌డ్రైవర్ బయటి నుంచే బ్రౌజర్‌ను నేరుగా నడిపింది. 2011లో వచ్చిన సెలీనియం 2లో ఈ రెండూ ఒకటయ్యాయి.

అసలు తిప్పలు ఆ తర్వాతే. క్రోమ్ బ్రౌజర్‌ను నడిపే క్రోమ్‌డ్రైవర్ జిప్ ఫైల్‌ను విడిగా దింపుకుని, విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ చోటును విండోస్ పాత్ సెట్టింగ్‌లోనో ప్రోగ్రాంలోనో రాయాల్సి వచ్చేది. 2016లో సెలీనియం 3తో ఫైర్‌ఫాక్స్‌కూ గెకోడ్రైవర్ విడిగా కావాల్సి వచ్చింది. పైగా క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ అవుతుంది. 2021 నుంచి నాలుగు వారాలకో కొత్త వెర్షన్. డ్రైవర్ మాత్రం పాతదే. నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ సెషన్ మొదలుకాలేదనీ, ఈ డ్రైవర్ క్రోమ్ 114కే పనికొస్తుందనీ చెప్పి ఆగిపోయేది. తప్పు తన కోడ్‌లో ఉందనుకుని దాన్నే తిరగరాసే కొత్తవాడికి పూటంతా వృథా.

2015లో బోనీ గార్సియా రాసిన జావా లైబ్రరీ వెబ్‌డ్రైవర్ మేనేజర్, సరైన డ్రైవర్ కోసం వెతుకులాటను ప్రోగ్రాంకే అప్పగించింది. 2018లో వెబ్‌డ్రైవర్, వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది. 2022 నవంబరులో సెలీనియం 4.6తో వచ్చిన సెలీనియం మేనేజర్ బ్రౌజర్ వెర్షన్ చూసి, తగిన డ్రైవర్‌ను తానే తెస్తుంది. 2023లో గూగుల్ ‘క్రోమ్ ఫర్ టెస్టింగ్’ పేరుతో, తనంతట తాను అప్‌డేట్ కాని క్రోమ్‌ను డ్రైవర్‌తో జతగా ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇంత సులువైనా పాత పద్ధతికి కాలం చెల్లలేదు. బయటి డౌన్‌లోడ్‌లను ఆపే ఆఫీసు నెట్‌వర్క్‌లో సెలీనియం మేనేజర్‌కు డ్రైవర్ దొరకదు. అప్పుడు వెర్షన్లు పోల్చుకుని చేత్తో పెట్టడం తెలిసినవాళ్లే పని ముందుకు నడుపుతారు. అందుకే మన కాలేజీ ల్యాబుల్లో ప్రతి విద్యార్థి చేతా ఒక్కసారైనా ఆ పని చేయించాలి.