స్క్లెరోడెర్మా: తల్లిదండ్రులు, పిల్లలు తెలుసుకోవలసినవి

స్క్లెరోడెర్మా అంటే గ్రీకులో ‘గట్టి చర్మం’. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పడంతో కొల్లాజెన్ అనే ప్రోటీను మితిమీరి తయారై చర్మం బిగుసుకుపోతుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, కలిసి అన్నం తిన్నా రాదు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చేది చర్మానికి, దాని కింది కండకు పరిమితమయ్యే రకం. గట్టి మచ్చ కీలు మీదుగా సాగితే ఆ కాలో చెయ్యో సరిగా ఎదగకపోవచ్చు. కాబట్టి మచ్చే కదా అని ఊరుకోకుండా రుమటాలజిస్టుకు చూపించండి. రెండో రకం ఊపిరితిత్తులు, అన్నవాహిక, మూత్రపిండాలను కూడా పట్టవచ్చు.

ఇంట్లో: చలికి వేళ్లు తెల్లబడి నీలమవుతుంటే గ్లవుజులు, సాక్సులు వేయండి. బీడీ, సిగరెట్ పొగ వద్దు. గుండెల్లో మంట ఉంటే కొంచెం కొంచెంగా తినాలి, తిన్న వెంటనే పడుకోకూడదు. వేళ్లకు, కీళ్లకు రోజూ వ్యాయామం చేయించండి. స్టెరాయిడ్లు సొంతంగా వాడవద్దు, డాక్టరు ఇచ్చినవి సొంతంగా ఆపనూ వద్దు.

బడిలో: వేళ్లు బిగుసుకున్న పిల్లలు రాయడానికి టైము పడుతుంది. క్లాస్ టీచరుకు ముందే చెప్పండి. పిల్లలూ, తోటివారిని మచ్చలు చూసి వెక్కిరించకండి.

వెంటనే ఆసుపత్రికి: బీపీ హఠాత్తుగా పెరిగి తీవ్రమైన తలనొప్పి వచ్చినా, కొత్తగా ఆయాసం మొదలైనా, వేలి కొన నల్లబడినా ఆగవద్దు.

పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. కానీ త్వరగా కనిపెడితే చాలావరకు అదుపులో ఉంచవచ్చు. చిత్రకారుడు పాల్ క్లేకు ఈ జబ్బే ఉండేదని వైద్యుల అభిప్రాయం. ఆయన ఒక్క 1939లోనే వెయ్యికి పైగా బొమ్మలు వేశారు. ఆయన కన్నుమూసిన జూన్ 29ని ప్రపంచ స్క్లెరోడెర్మా దినంగా పాటిస్తారు.