రుషికొండ గాలికి నిలిచే చెట్టు

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం. గంటకు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. రుషికొండ దారి పొడవునా, ఆంధ్రా విశ్వవిద్యాలయం ఆవరణలో, జూ పార్కులో, కంబాలకొండ వాలుల మీద చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. పువ్వు బాగుంటుందని, త్వరగా ఎదుగుతుందని మనం ఏరికోరి నాటుకున్న తురాయి, నిద్రగన్నేరు వంటివి వాటిలో ఎన్నో. గాలికీ తెగులుకీ తట్టుకునే చెట్టును ఎలా ఎంచుకోవాలి? ఈ ప్రశ్నను నూరేళ్ల కిందట ఇంకో సముద్రతీర దేశం ఎదుర్కొంది.

నెదర్లాండ్స్ వీధుల చెట్టు ఎల్మ్. ఉప్పుగాలికి, రాళ్లు పరిచిన ఇరుకు నేలకు అది ఓర్చుకుంటుంది. అందుకే కాలువ గట్ల వెంట ‘బెల్జికా’ అనే ఒకే రకాన్ని అంట్లు కట్టి వరుసలుగా పెంచారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బెరడు పురుగులు ఒక శిలీంధ్రాన్ని మోసుకొచ్చాయి. అది చెట్టు నీటినాళాలను మూసేస్తే, నిండు వేసవిలో ఆకులు మాడి చెట్టు చచ్చేది. అన్నీ ఒకే రకం కావడంతో ఒకదాని చావు అన్నిటికీ పాకింది. డచ్చి శాస్త్రవేత్త యోహానా వెస్టర్‌డైక్ ప్రయోగశాలలో బెయా స్వార్జ్ 1920ల మొదట్లో ఆ శిలీంధ్రాన్ని పట్టుకున్నారు. చాలామంది పండితులు నమ్మలేదు. తర్వాత క్రిస్టీన్ బయ్స్‌మన్ దాన్ని నిరూపించి, తెగులును తట్టుకునే మొక్కల కోసం వెతికారు. ఆ వెతుకులాటే మన హిమాలయాల దాకా వచ్చింది. కశ్మీర్ వైపు కొండల్లో పెరిగే ఎల్మ్‌తో సంకరం చేశాక, తెగులుకీ సముద్రగాలికీ ఓర్చుకునే ‘లోబెల్’ వంటి రకాలు 1973లో బయటికొచ్చాయి. ఒక్క చెట్టు కోసం దాదాపు అర్ధ శతాబ్దం!

ఎల్మ్ కుటుంబపు చెట్టు మనకూ ఉంది: నెమలినార. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, ఈ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథంలో దానికి శాస్త్రీయ నామం పెట్టి ఎల్మ్‌ల ప్రజాతిలోనే చేర్చాడు. 1848లో మరో వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్ దాన్ని వేరే ప్రజాతిగా విడదీశాడు గానీ కుటుంబం మారలేదు. బూడిదరంగు బెరడు, నలిపితే ఘాటుగా వాసన కొట్టే ఆకు, ఎండాకాలంలో గాలికి ఎగిరే గుండ్రటి పలచని రెక్కగింజలు. తూర్పు కనుమల ఎండు అడవుల్లో అది సొంతంగా పెరుగుతుంది. మన నర్సరీల్లో అది ఎందుకు కనిపించదన్నదే నా బాధ.

అయితే డచ్చివారి పొరపాటు మనం చేయకూడదు. ఊరంతా నెమలినారే నాటమని నేననను. దాని పుప్పొడి ఉత్తరాదిలో ఎందరికో ఆయాసం తెస్తోంది కాబట్టి బడుల పక్కన వద్దు. అలల ఎదుట ఇసుకలోనూ వద్దు. అక్కడ తాడి, పొన్న, గానుగ, సరుగుడు ఉండనే ఉన్నాయి. కొండ వెనుక ఎర్రమట్టి వాలుల్లో వేప, మర్రి, చింతలతో కలిపి కొన్ని నాటి, పదేళ్లు వేళ్లనూ కొమ్మలనూ పరిశీలించాలి.

జాతి ఎంపికతోనే పని అయిపోదు. నర్సరీ సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. అలాగే నాటితే అవి నేలలోకి లోతుగా దిగవు, ఎదిగిన చెట్టు పెద్దగాలికి మొదలుతో సహా వాలిపోతుంది. కేబుళ్లకు, మురుగుకాలువలకు గోతులు తవ్వినప్పుడల్లా ఒకవైపు వేళ్లు తెగుతాయి. తర్వాత మొదలు చుట్టూ సిమెంటు పోస్తాం. కాబట్టి నాటే ముందు చుట్టుకున్న వేళ్లను విడదీయాలి, మొదలు చుట్టూ మట్టి వదలాలి, ఏటా అక్టోబరు రాకముందే ఎండిన, బరువైన కొమ్మలను తగ్గించాలి.